మార్టిన్ షే రాయని ఉత్తరం

మా ఇంటికీ మిస్ టియర్నీ ఇంటికీ మధ్య ఒకటే గోడ. వాషింగ్టన్ పక్కన హెర్న్‌డన్‌లో మా వరసలో టౌన్‌హౌస్‌లన్నీ అలాగే ఒకదాన్నొకటి ఆనుకుని ఉంటాయి. ఆవిడ దగ్గితే నాకు వినబడుతుంది, నా ఫోన్ మోగితే ఆవిడకి వినబడుతుంది. అయినా పదకొండేళ్ళలో మేం మాట్లాడుకున్నదల్లా చెత్తడబ్బాలు రోడ్డు మీద పెట్టేటప్పుడూ, చలికాలం మంచు ఎత్తేటప్పుడూ. అలాంటిది పోయిన ఏడాది మెమోరియల్ డే నాడు పొద్దున్నే ఆవిడే వచ్చి తలుపు తట్టింది.

“నీ కుక్కర్ కూత వినబడటం లేదు,” అంది గుమ్మంలో నిలబడే. “మూడేళ్ళయింది. ఎందుకని అడగలేదు. మా ఐరిష్ వాళ్ళం అడగం, మనసులో పెట్టుకుంటాం.”

“ఒక్కదానికి కుక్కర్ ఎందుకని మానేశాను,” అన్నాను.

ఆవిడ మాట్లాడింది ఇంగ్లీషే. తెలుగులో రాస్తున్నాను గానీ ఆవిడ తీరు మాత్రం మార్చలేదు. ఎనభై నాలుగేళ్ళ మనిషి. ముప్ఫై ఆరేళ్ళు స్కూల్ లైబ్రరీలో పనిచేసింది. పెళ్ళి చేసుకోలేదు. చంకలో ఒక తోలు అట్ట బైబిల్ పెట్టుకొచ్చింది.

“ఇవాళ యుద్ధాల్లో పోయిన వాళ్ళ సమాధుల మీద జెండాలు పెడతారు. మా ఇంట్లోనూ ఒకడున్నాడు. అతనికి జెండా పెట్టాలో, ఉమ్మెయ్యాలో నూట అరవై ఏళ్ళుగా తేలలేదు. నువ్వు కంప్యూటర్ మనిషివి కదా, తేల్చిపెట్టు.”

నన్ను ఎంచుకోవడానికి కారణం నా తెలివి కాదు, నా ఖాళీ. నేను సాఫ్ట్‌వేర్ టెస్టర్‌ని. ఇతరులు రాసినదాంట్లో తప్పులు పట్టడం నా పని. ఏప్రిల్‌లో ప్రాజెక్ట్ అయిపోయి, ఇంకో పని వచ్చేదాకా బెంచ్ మీద ఉన్నాను. మా అమ్మాయి ఆద్య సియాటిల్‌లో ఉంటుంది, ఆదివారాలు ఫోన్ చేస్తుంది. కింద బేస్‌మెంట్‌లో నమ్రత అని కరీంనగర్ పిల్ల అద్దెకుంటోంది. ఎదురుపడితే “హాయ్ ఆంటీ” అని చెవుల్లో ఇయర్‌ఫోన్లతోనే మెట్లు దిగిపోతుంది. మా ఆయన సూర్యప్రకాశరావు పోయిన దగ్గర్నుంచి నేను రోజంతా ఎవరితోనూ ఒక్క మాటైనా మాట్లాడని రోజులు నెలకి పది, పన్నెండు ఉంటున్నాయి. అందుకని ఆవిడని లోపలికి రమ్మన్నాను.

బైబిల్ మొదటి పేజీలో వాళ్ళ వంశంలో వాళ్ళ పేర్లు, పుట్టిన తేదీలు, పోయిన తేదీలు ఉన్నాయి. పై నుంచి రెండో పేరు మీద సిరాతో ఎంత కసిగా కొట్టేశారంటే అక్కడ కాగితం చిరిగింది.

“పాట్రిక్ టియర్నీ,” అంది. “మా ముత్తాత. మా ఐరిష్ వాళ్ళ క్లేర్ నుంచి ఓడెక్కి న్యూయార్క్ వచ్చాడు. ఇక్కడ ఉత్తరాదికీ దక్షిణాదికీ యుద్ధం వస్తే ఉత్తరాది సైన్యంలో చేరాడు. వెనక్కి రాలేదు. ఈ గీతలు గీసింది మా తాత. తండ్రి వెళ్ళేనాటికి ఆయనకి రెండేళ్ళు. నా చిన్నప్పుడు మా అన్న ఏదైనా వెధవ పని చేస్తే ‘నువ్వొక పాట్రిక్‌వి’ అని తాత తిట్టేవాడు. మా వంశంలో నాలుగు తరాలుగా పాట్రిక్ అన్న పేరు లేదు. ఐరిష్ ఇంట్లో పాట్రిక్ లేకపోవడం అంటే ఏమిటో నీకు తెలీదు.”

తెలుసు. మా గోదావరి వైపు సత్యనారాయణ అన్న పేరు లేని వంశం లాంటిది.

“ఆయన పారిపోయాడని ఎవరు చెప్పారు?”

ఆవిడ బైబిల్ మధ్యలోంచి ఒక ప్లాస్టిక్ కవర్ తీసింది. లోపల నాలుగు మడతల పసుపు కాగితం. పాట్రిక్‌కి చదువు రాదు, భార్య బ్రిజెట్‌కీ రాదు. అతని ఊరివాడే, అదే దళంలో ఉన్న మార్టిన్ షే అనే కుర్రాడు అతని తరఫున ఉత్తరాలు రాసేవాడు, ఇక్కడ చర్చిలో ఫాదర్ ఆమెకి చదివి చెప్పేవాడు. ఇది ఆఖరిది. 1864, మే 30.

‘బ్రిజెట్‌కి. పాట్‌కి తుపాకి దెబ్బ తగిలి అలెగ్జాండ్రియా ఆసుపత్రిలో ఉన్నాడు. చాలా నీరసంగా ఉన్నాడు. నిన్నూ బాబునీ తలుచుకుంటున్నాడు. మనసు గట్టి చేసుకో. దేవుణ్ణి ప్రార్థించు. నేను మళ్ళీ రాస్తాను. మార్టిన్.’

“మళ్ళీ రాయలేదు,” అంది మిస్ టియర్నీ. “వాళ్ళిద్దరూ కలిసే ఎక్కడికో పోయారన్నారు ఊళ్ళో. షికాగోలో చూశామన్నారు ఒకరు, ఎవతెతోనో ఉన్నాడన్నారు ఇంకొకరు. బ్రిజెట్ నలభై ఏళ్ళు ఇళ్ళల్లో నేలలు తుడిచింది. సెప్టెంబరు ఆఖరికి మా మేనకోడలు నన్ను ఒహాయో తీసుకుపోతోంది. అక్కడికెళ్ళాక నాకు ఓపిక ఉండదు, వాళ్ళకి అక్కర ఉండదు. అతను యుద్ధంలో పోయి ఉంటే ఈ పేరు మళ్ళీ రాసి పుస్తకం పిల్లలకిస్తాను. పారిపోయి ఉంటే నాతోబాటు పాతిపెట్టమంటాను.”

*

జూన్‌లో వారానికి రెండు రోజులు సిల్వర్ లైన్ మెట్రో ఎక్కి వాషింగ్టన్ వెళ్ళాను. నేషనల్ ఆర్కైవ్స్‌లో పాత సైనికుల కాగితాలన్నీ ఉంటాయి. పెన్ను లోపలికి రానివ్వరు, పెన్సిల్ ఇస్తారు. పెద్ద హాలు, పొడుగాటి బల్లలు, ఒక్కో బల్ల దగ్గర ఒక్కో మనిషి ఎవరో పోయినవాళ్ళ కాగితాలు తిరగేస్తూ. ఎవరూ ఎవరితోనూ మాట్లాడరు. మా ఇంట్లోనూ అంతే కాబట్టి నాకు కొత్తగా ఏమీ అనిపించలేదు. నిజం చెప్పాలంటే పొద్దున్నే లేచి చీరో చుడీదారో కట్టుకుని వెళ్ళడానికి ఒక చోటు దొరికిందని సంతోషించాను.

మూడోసారి వెళ్ళినప్పుడు బ్రిజెట్ పెట్టుకున్న పెన్షన్ అర్జీ దొరికింది. యుద్ధంలో చనిపోయిన వాడి భార్యకి నెల నెలా పెన్షన్ ఇచ్చేవారు. సంతకం చోట వేలిముద్రకి బదులు ఒక ఇంటూ మార్కు ఉంది. దాని వెనక ఆసుపత్రి జాబితా నకలు: పాట్రిక్ టియర్నీ, అలెగ్జాండ్రియా, మే 22న మరణం. దొరికాడనుకున్నాను. కింద గుమాస్తా నాలుగు వాక్యాలు రాసి ఉంచాడు. ‘మే 22న చనిపోయిన టియర్నీ వేరే మనిషి. అదే పేరుగలవారు సైన్యంలో చాలామంది ఉన్నారు. ఈమె భర్త మే 30 నాటికి బతికి ఉన్నట్టు ఈమె తెచ్చిన ఉత్తరమే సాక్ష్యం. అర్జీ కొట్టివేయడమైనది.’

ఆ గుమాస్తా మీద నాకు కోపం రాలేదు. నేనైనా అదే రాసేదాన్ని. ఎనిమిది రోజుల క్రితం పోయినవాడు ఇవాళ నీరసంగా ఎలా ఉంటాడు?

సాయంత్రం వెళ్ళి మిస్ టియర్నీకి అదే చెప్పాను. పెన్సిల్‌తో రాసుకున్న కాగితం బల్ల మీద పరిచి, ఆఫీసులో బగ్ రిపోర్ట్ చదివినట్టు తేదీలు చదివాను. “తేదీలు కలవడం లేదు. అలెగ్జాండ్రియాలో ఆ పేరుతో ఉన్న సమాధి ఈయనది కాదు,” అన్నాను. ఆ ముక్క చెప్పేటప్పుడు నాలో కాస్త గర్వం కూడా ఉంది. అది ఇప్పటికీ గుర్తొస్తే సిగ్గేస్తుంది.

ఆవిడ కెటిల్‌లో నీళ్ళు మరుగుతుంటే ఆపడం మర్చిపోయింది. నేనే లేచి ఆపాను.

“పారిపోయాడని నాకు తెలుసులే,” అంది కాసేపటికి. “తెలిసి కూడా అడిగాను. ముసలితనం.” తర్వాత, నన్ను ఊరికే పంపడం ఇష్టం లేక కాబోలు, “మీ ఆయన ఎలా పోయాడు?” అంది.

మూడేళ్ళలో నన్ను ఆ మాట సూటిగా అడిగిన మొదటి మనిషి ఆవిడ. చెప్పాను. వాళ్ళ పిన్ని కూతురి పెళ్ళికని రాజమండ్రి వెళ్ళాడు. నాలుగో రోజున మా మరిది హర్షవర్ధన్ ఫోన్ చేశాడు. ‘వదినా, అన్నయ్యకి కొంచెం సీరియస్‌గా ఉంది. హాస్పిటల్లో ఉన్నాడు. ధైర్యంగా బయల్దేరి రండి.’ నేను సూర్యం హార్ట్ రిపోర్టులన్నీ ఫైల్‌లో పెట్టుకున్నాను. ఆయన కొత్త కళ్ళజోడు సర్దాను. ఆసుపత్రిలో గడ్డం పెరుగుతుంది కదా అని ఎలక్ట్రిక్ షేవర్ కూడా పెట్టుకున్నాను. దోహా ఎయిర్‌పోర్టులో ఆరుగంటలు కూర్చుని దాని చార్జర్ మర్చిపోయానని బాధపడ్డాను. రాజమండ్రిలో మా మరిది వాళ్ళ వీధి మలుపు తిరిగితే ఇంటి ముందు షామియానా, దాని కింద ప్లాస్టిక్ కుర్చీలు వరసగా వేసి ఉన్నాయి. ఎవరూ చెప్పక్కర్లేకపోయింది. ఆ కుర్చీలు చెప్పాయి. హర్ష ఫోన్ చేసేసరికే ఆయన పోయి రెండు గంటలయింది.

“పదకొండో రోజు దాకా ఉండి వచ్చేశాను. ఆ మరిదితో మళ్ళీ మాట్లాడలేదు. ఇరవై నాలుగు గంటలు నా చేత పిచ్చిదానిలా ఆశ పెట్టించాడు,” అన్నాను.

మిస్ టియర్నీ తల ఊపింది. “నేనైనా మాట్లాడను,” అంది.

జూలై అంతా ఆవిడ అట్టపెట్టెలు సర్దుతూ ఉంటే గోడ అవతల టేపు చింపే చప్పుడు వినబడేది. బైబిల్ ఏ పెట్టెలో పెట్టిందో నేను అడగలేదు. నాకు వేరే ప్రాజెక్ట్ వచ్చింది, ఇంట్లోంచే పని. మళ్ళీ మాటలు లేని రోజులు మొదలయ్యాయి.

*

ఆగస్టులో ఒక శనివారం పొద్దున పది గంటలకి ఇండియా నంబరు నుంచి ఫోన్ వచ్చింది.

“నమస్తే అమ్మా. నేను నమ్రత వాళ్ళ బాబాయిని. కరీంనగర్ నుంచి మాట్లాడుతున్న. పిల్ల ఫోన్‌ల మీ నంబర్ ఇచ్చి ఉండె ఎమర్జెన్సీకని.” గొంతు సర్దుకున్నాడు. “మా అన్న మధ్యాహ్నం పోయిండమ్మా. ఉన్నట్టుండి కూలబడ్డడు. పిల్లకు సీరియస్ అని చెప్పినం. ఐసీయూల ఉన్నడని చెప్పినం. ఒక్కతే రావాలె గద, అంత దూరం. టికెట్ తీసినం. మీరు జెర విమానం ఎక్కియ్యండి. చెప్పకుండ్రి అమ్మా, దండం పెడ్త.”

నేను “చెప్పనని మాటివ్వలేను” అందామనుకున్నాను. మూడేళ్ళుగా మనసులో హర్షకి చెప్పిన మాటలన్నీ ఈయనకి చెబుదామనుకున్నాను. ఆయన అటు ఊపిరి పీల్చుకోవడానికే తంటాలు పడుతున్నాడు. “సరే,” అన్నాను.

నమ్రత అప్పటికే మెట్లెక్కి వచ్చేసింది. ఒక చేతిలో పాస్‌పోర్ట్, ఇంకో చేతిలో ఫోన్. జుట్టు ముడి వేసుకోలేదు.

“ఆంటీ, నాన్నకి సీరియస్ అంట. మీ ప్రింటర్ పనిచేస్తదా? నాన్న బ్లడ్ రిపోర్ట్స్, ఈసీజీ అన్నీ నా వాట్సాప్‌ల ఉన్నయ్. అక్కడ డాక్టర్ పాతవి అడిగితే బాబాయికేం తెల్వదు.”

ప్రింటర్ ఆన్ చేశాను. పదకొండు కాగితాలు వచ్చాయి. నేను ఒక్కొక్కటి తీసి, అంచులు సమం చేసి, స్టేపుల్ కొట్టి, ప్లాస్టిక్ ఫోల్డర్‌లో పెట్టి ఇచ్చాను. నా చేతులు మామూలుగానే పనిచేశాయి. అది చూసే నాకు భయం వేసింది.

డల్లెస్ ఎయిర్‌పోర్టు మా ఇంటికి పదిహేను నిమిషాలు. కారులో ఆ పిల్ల ఫోల్డర్ ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది.

“ఐసీయూల ఉన్నోళ్ళు మంచిగైతరు కదా ఆంటీ?”

“చాలామంది అవుతారమ్మా.”

“మొన్ననే మాట్లాడిన. నేను మీటింగ్‌ల ఉన్న, మళ్ళ చేస్త అన్న. మళ్ళ చేయలే.”

నేను రోడ్డు మీంచి కళ్ళు తిప్పలేదు. తిప్పితే చెప్పేసేదాన్ని. ఎందుకు చెప్పలేదని తర్వాత చాలాసార్లు నన్ను నేను అడిగాను. ఆ పిల్ల మీద జాలి అని చెప్పుకోవచ్చు. నిజానికి నాకు ధైర్యం లేదు. నా నోట్లోంచి ఆ మాట వచ్చి, ఆ పిల్ల మొహం మారడం నేను చూడలేను, అంతే.

డిపార్చర్స్ దగ్గర కారు ఆపి పెట్టె దింపాను. ఎప్పుడూ “హాయ్ ఆంటీ” తప్ప ఎరగని పిల్ల నన్ను గట్టిగా పట్టుకుంది. నేను వీపు నిమురుతూ అన్నాను: “మనసు గట్టి చేసుకో. దేవుడికి దణ్ణం పెట్టుకో. నేను మళ్ళీ ఫోన్ చేస్తాను.”

అద్దాల తలుపులు దాటి వెళ్ళిపోయింది. నేను కారెక్కి బెల్ట్ పెట్టుకుని, స్టార్ట్ చేయకుండా ఉండిపోయాను. ఇప్పుడు నేనన్న మూడు మాటలు నావి కావు. ఎక్కడో చదివాను. పసుపు కాగితం మీద చదివాను.

‘మనసు గట్టి చేసుకో. దేవుణ్ణి ప్రార్థించు. నేను మళ్ళీ రాస్తాను.’

బతికున్నవాడి గురించి ఎవరూ అలా రాయరు. పాట్రిక్ టియర్నీ మే 22నే పోయాడు. మార్టిన్ షేకి ఆ సంగతి తెలుసు. ఎనిమిది రోజులు ఎలా రాయాలా అని మథనపడి, ‘సీరియస్’ అని రాశాడు. గుమాస్తాకి అది తట్టకపోవడం సరే, అదే మాట నమ్మి ఓ శవానికి షేవర్ మోసుకెళ్ళిన నాకు కూడా తట్టలేదు.

పోలీసాయన వచ్చి అద్దం మీద కొట్టాడు. “ఇక్కడ ఆగకూడదు మేడమ్, కదలండి.” నా మొహం చూసి, చేత్తో దారి మాత్రం చూపించాడు.

*

సోమవారం సెలవు పెట్టి మళ్ళీ వాషింగ్టన్ వెళ్ళాను. ఊహ సరిపోదు, రుజువు కావాలి. ఈసారి పాట్రిక్ కాగితాలు అడగలేదు, మార్టిన్ షేవి అడిగాను. చిన్న కవరు. నాలుగే నాలుగు కార్డులు. వయసు ఇరవై ఒకటి. భుజానికి దెబ్బ తగిలి అలెగ్జాండ్రియాలో అదే ఆసుపత్రిలో, జాబితాలో పాట్రిక్‌కి రాసిన అదే వార్డులో చేరాడు. మే 25న డిశ్చార్జ్ చేసి దళానికి తిప్పి పంపారు. అంటే పాట్రిక్ పోయినప్పుడూ, ఆ తర్వాత మూడు రోజులూ అక్కడే ఉన్నాడు. నాలుగో కార్డు మీద ఒక్క వాక్యమే ఉంది: 1864 జూన్ 3, కోల్డ్ హార్బర్ యుద్ధంలో మరణం.

ఉత్తరం రాసిన నాలుగో రోజు. వేళ్ళ మీద రెండుసార్లు లెక్కపెట్టాను.

మిస్ టియర్నీ ఇంట్లో ఇంక రెండే కుర్చీలు మిగిలాయి, మిగతావన్నీ పెట్టెలే. కూర్చుని, “మీరు టీ తాగారా? కాలి నొప్పి ఎలా ఉంది?” అన్నాను. ఆవిడ నా వంక చూసింది.

“నాకు ఎనభై నాలుగేళ్ళు. నాన్చకు. చెప్పు.”

“ఆయన పారిపోలేదు. మే 22నే చనిపోయారు. అలెగ్జాండ్రియాలో ఉన్న సమాధి ఆయనదే. నేనే తప్పు చెప్పాను.”

మొత్తం చెప్పాను. కార్డుల నకళ్ళు, ఆసుపత్రి జాబితా నకలు ఒకదాని పక్కన ఒకటి పెట్టాను. ఆవిడ కళ్ళజోడు మార్చుకుని ఒక్కో తేదీ మీద వేలు పెట్టుకుంటూ చదివింది. నేను ఏడుస్తుందనుకున్నాను. ఆవిడకి కోపం వచ్చింది.

“ఒక్క అబద్ధం,” అంది. “ఈ వెధవ కుర్రాడు నిజం ఒక్క ముక్క రాసి ఉంటే బ్రిజెట్‌కి పెన్షన్ వచ్చేది. మా తాత తండ్రిని తిట్టుకుంటూ బతికేవాడు కాదు. ఆ ఉత్తరం రాయకుండా ఉన్నా బాగుండేది. చనిపోయాడని తెలిసి, పక్కన కూర్చుని చూసి, నీరసంగా ఉన్నాడని రాస్తాడా?”

“రాస్తాడు,” అన్నాను. “మేమూ అలాగే చేస్తాం. పోయారని చెప్పం. సీరియస్ అంటాం. ముందు ఒక మాట వేసి, కాస్త తట్టుకున్నాక అసలు మాట చెబుతాం. అతనూ రెండో ఉత్తరం రాసేవాడే. నాలుగు రోజులే మిగిలాయి అతనికి. అతనికి ఆ సంగతి తెలీదు కదా.”

నా గొంతు పెరిగింది. ఎవరి తరఫున వాదిస్తున్నానో నాకే వినబడుతోంది. “ఇరవై ఒక్క ఏళ్ళ పిల్లాడు. అంతదాకా అతను రాసిన ఉత్తరాలన్నీ పాట్రిక్ చెబితే రాసినవి. ఆ ఒక్కటే సొంతంగా రాయాల్సి వచ్చింది. చేతకాలేదు. మొన్న శనివారం నాకూ చేతకాలేదు.” నమ్రత సంగతి చెప్పాను. పదకొండు కాగితాల సంగతి కూడా చెప్పాను.

 ఆవిడ మార్టిన్ షే కార్డుని పాట్రిక్ పేరున్న ఆసుపత్రి కాగితం పక్కకి జరిపింది.

“ఇతనికి సమాధి ఉందా?”

“లేదు. పేరు తెలియని వాళ్ళతో కలిపి పూడ్చారు.”

“ఊఁ,” అంది. ఆ తర్వాత, “ఆ ఫోన్ చేసినాయన, మీ మరిది. అతను బతికే ఉన్నాడా?”

“ఉన్నాడు.”

ఆవిడ ఏ పెట్టెలోనో ఉన్న బైబిల్ వెతకడానికి నన్ను పురమాయించింది. ఐదు పెట్టెలు విప్పితే గానీ దొరకలేదు. కొట్టేసిన గీతల కింద ఖాళీలో పెన్నుతో, లైబ్రరీలో పుస్తకాల మీద రాసిన చేతిరాతతో, ఒక్కో అక్షరం విడివిడిగా రాసింది: పాట్రిక్ టియర్నీ. మరణం, 22 మే 1864, సైనిక సేవలో. 

ఆ ఆదివారం ఇద్దరం అలెగ్జాండ్రియా వెళ్ళాం. తెల్లటి చిన్న చిన్న రాళ్ళు, వరసలు వరసలుగా. ఆవిడ వంగలేదు కాబట్టి జెండా నేనే గుచ్చాను. రాయి మీద చెయ్యి పెట్టి నిలబడింది.

“నిన్ను చాలా తిట్టుకున్నాం,” అంది రాయితో. “ఏమనుకోకు.”

*

సెప్టెంబరు ఆఖరి వారంలో మేనకోడలు వ్యాన్ తెచ్చింది. మిస్ టియర్నీ బైబిల్‌ని ఒళ్ళో పెట్టుకుని ముందు సీట్లో కూర్చుంది. కిటికీ దించి నన్ను దగ్గరికి పిలిచి, “కుక్కర్ పెట్టు,” అని మాత్రం అంది. వ్యాన్ మలుపు తిరిగాక నేను లోపలికొచ్చి తలుపేసుకున్నాను. గోడ అవతల దగ్గు లేదు, టేపు చింపే చప్పుడు లేదు. అలవాటు చొప్పున రెండు, మూడుసార్లు గోడ వైపు చెవి పెట్టాను కూడా.

అదే వారం నమ్రత తిరిగొచ్చింది. చిక్కిపోయింది. పెట్టె కూడా లోపల పెట్టకుండా వంటింటి గుమ్మంలో నిలబడి అడిగింది.

“మీకు తెల్సు గదా ఆంటీ, ఆ రోజు?”

“తెలుసమ్మా.”

“మరి ప్రింట్లు ఎందుకు తీసిచ్చిండ్రు?”

 ఆ పిల్ల కాసేపు ఆగి చూసి, పెట్టె ఈడ్చుకుంటూ కిందికి దిగిపోయింది. ఆ తర్వాత ఎదురుపడితే తల దించుకుని వెళ్ళేది, “హాయ్ ఆంటీ” కూడా లేదు. నాకు కోపం రాలేదు. నేను మూడేళ్ళు చేసింది ఆ పిల్ల మూడు వారాలుగా చేస్తోంది. అవతలి వైపు నిలబడితే అది ఎలా ఉంటుందో మాత్రం నాకు అంతవరకూ తెలీదు. ఎంత ఒంటరిగా ఉంటుందో తెలీదు.

అక్టోబరులో ఒక ఆదివారం పొద్దున, అక్కడ సాయంత్రమని చూసుకుని, హర్ష నంబరు నొక్కాను. రెండో రింగుకే ఎత్తాడు.

“వదినా?”

“నేనే హర్షా.”

అటు టీవీ ఆపిన చప్పుడయింది. “ఆద్య బాగుందా?”

“బాగుంది. పోయిన ఆదివారం మాట్లాడింది.”

“మీకెలా ఉంది?”

“నేనూ బాగానే ఉన్నాను. ఊరికే చేశాను.”

“ఊరికేనా.” గొంతు సన్నబడింది. “వదినా, ఏదైనా ఉంటే చెప్పెయ్యండి. నేను కూర్చునే ఉన్నాను. సీరియస్ ఏమైనా…”

“ఎవరికీ ఏమీ కాలేదు. నిజం.”

“ఒట్టా?” అన్నాడు. యాభై ఏళ్ళ మనిషి.

“ఒట్టు.”

అప్పుడు ఏడ్చాడు. ఆపుకోవడానికి ప్రయత్నించి, చేతకాక, వదిలేశాడు. నేను ఫోన్ చెవికి ఆనించుకుని వింటూ నిలబడ్డాను. కొంచెం నెమ్మదించాక, మూడేళ్ళుగా అడగనిది అడిగాను.

“ఆ రోజు ఏడవకుండా ఎలా మాట్లాడావు హర్షా నాతో?”



“అన్నయ్య చెయ్యి పట్టుకుని మాట్లాడాను వదినా,” అన్నాడు.

నేను కుర్చీ దగ్గరికి లాక్కుని కూర్చున్నాను.

“చెప్పు,” అన్నాను. “మొదటి నుంచీ చెప్పు.”